గిటార్లు అమ్మేద్దామా? అన్నీనా?

గల్ఫ్‌లో ప్రాజెక్టు అయిపోయి ఇంటికి బయల్దేరేవాడికి చివరి రెండు నెలల్లో ఉండే పెద్ద పని అమ్మకమే. మంచం, పరుపు, చిన్న ఫ్రిజ్, రైస్ కుక్కర్, సైకిల్... ఒక్కొక్కటే గది దాటిపోతాయి. కొత్తగా వచ్చినవాడు కొనుక్కుంటాడు. పోయేవాడు ఆ డబ్బుతో పిల్లలకు చాక్లెట్లు, ఇంటికి పాలపొడి డబ్బా, అమ్మ మోకాళ్ళకు బామ్ సీసాలు కొని పెట్టె కట్టేస్తాడు. మంచం అమ్మినందుకు ఎవరికీ బాధ ఉండదు. కానీ ఇక్కడికి వచ్చాక ఇష్టపడి, ఓవర్‌టైం డబ్బులతో కొనుక్కున్న వస్తువులు కొన్ని ఉంటాయి. వాటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. మా విషయంలో అవి గిటార్లు.

మేము ముగ్గురం. ఒకరిది జగిత్యాల, ఒకరిది రాజాం, ఒకరిది రాయచోటి వైపు. డిప్లొమాలు చదివి, దుబాయిలో సైట్ సూపర్‌వైజర్లుగా ఒకే కంపెనీలో, ఒకే గదిలో ఉంటున్నాం. తొమ్మిదేళ్ళలో మా దగ్గర ఏడు గిటార్లు పోగయ్యాయి. అన్నీ సెకండ్ హ్యాండువే. ఊరెళ్ళిపోతున్న ఫిలిప్పీన్స్ వాళ్ళ దగ్గర, మలయాళీల దగ్గర 150 దిర్హమ్‌లకు ఒకటి, 300కు ఒకటి అలా కొన్నవి. ఒక్కటి మాత్రం ముగ్గురం తలా కొంత వేసుకుని 1,200 పెట్టి తెచ్చాం. ఇప్పుడు టవర్ పని చివరికి వచ్చింది, ఇంటికి పోవాలి. వీటిని అమ్మేద్దామా, ఉంచుకుందామా అని కొన్ని వారాలుగా మాలో మాకే వాదన. ఇది మా ఒక్క గది గోల కాదనిపించి రాస్తున్నాం. మీ గదిలో అది గిటార్ కాకపోవచ్చు. కీబోర్డో, డోలకో, కెమెరానో కావచ్చు.

అమ్మాలనేవాళ్ళ మాట

అమ్మేయాలనేవాళ్ళ మాట తీసిపారేసేది కాదు. మాలో పెద్దాయన ఒకటే అంటాడు: "ఏజెంటుకు కట్టనీకి ఇంట్ల ఆడోళ్ళ మెడలవి బ్యాంకుల పెట్టి వచ్చినోళ్ళం. గోడకు ఏడు గిటార్లు ఎట్ల తగిలిచ్చుకుంటం?" దీనికి ఎదురు చెప్పడం కష్టం. అందుకే ముందే ఒప్పుకుంటున్నాం. ఇంటి బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంటే, నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ అప్పు నడుస్తుంటే, గిటార్ అయినా ఇంకొకటైనా పక్కన పెట్టాలి. అప్పు తీరాకే సరదా. ఇందులో మాకు రెండో అభిప్రాయం లేదు.

కానీ లెక్క కూడా సరిగ్గా వేయాలి కదా. మా ఏడు గిటార్లూ అమ్మితే 3,000 దిర్హమ్‌లు వస్తే గొప్ప. మన రూపాయల్లో లక్ష కూడా కాదు. ఇంటికి పోయేవాడి బతుకు మార్చేది ఆ డబ్బు కాదు, గ్రాట్యుటీ. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది నిండాక మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ప్రతి ఏడాదికి 30 రోజుల మూల వేతనం రావాలి. చేతికొచ్చే మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీదే ఈ లెక్క. ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చూసుకోనివాడు, గిటార్ దగ్గర మాత్రం 20 దిర్హమ్‌ల కోసం గంటసేపు బేరమాడతాడు. అప్పు తీర్చాల్సింది గ్రాట్యుటీతో, దాచిన డబ్బుతో. గిటార్ అమ్మితే ఆ నెల ఖర్చుకు సరిపోతుంది, అంతే.

ఇంకో మాట కూడా అంటారు: "ఉంచితే ముందు ముందు ధర పెరుగుతుంది." ఈ ఆశ పెట్టుకోవద్దు. ధర పెరిగే పాత గిటార్లు వేరే. ఫెండర్ కంపెనీని 1965లో సీబీఎస్ వాళ్ళు కొన్నారు. అంతకు ముందు తయారైన ఫెండర్ల కోసం, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి మార్టిన్‌ల కోసం సేకరించేవాళ్ళు ఎగబడతారు. మన చేతుల్లో ఉన్నవి యమహా ఎఫ్-310 లాంటివి. మంచివే, నేర్చుకునేవాడికి అంతకన్నా అక్కర్లేదు. కానీ ఫ్యాక్టరీలో లెక్కలేనన్ని తయారయ్యే సరుకు పాతబడితే ధర తగ్గుతుంది తప్ప పెరగదు.

పెట్టెలో పెడితే పాడవుతుంది

మేము కట్టడం పని చేసేవాళ్ళం కాబట్టి ఒక విషయం మాకు త్వరగా అర్థమైంది. గిటార్ అంటే బొమ్మ కాదు, ఎప్పుడూ బరువు మోస్తూ ఉండే కట్టడం. స్టీలు తీగలు ఆరూ బిగిస్తే మొత్తం లాగుడు దాదాపు 70 కిలోలు ఉంటుంది. ఆ లాగుడుకు మెడ వంగకుండా బీములో ఊచ వేసినట్టు లోపల ఒక ఇనప కడ్డీ వేస్తారు. పైచెక్క మందం చూస్తే మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇంత పల్చటి చెక్క ఆ బరువు మోయాలంటే గాలిలో తేమ సగానికి సగం, అంటే 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు. మన గదుల్లో ఏసీ రాత్రింబగళ్ళు నడుస్తుంది. లోపల గాలి ఎండిపోతుంది. తలుపు తీస్తే ఆగస్టులో బయట ఉక్కపోత. చెక్క ఒకసారి ముడుచుకుంటుంది, ఒకసారి ఉబ్బుతుంది. ప్లైవుడ్ పైచెక్క ఉన్న చౌక గిటార్ దీన్ని కొంత తట్టుకుంటుంది. షట్టరింగ్ ప్లైవుడ్ ఎందుకు తొందరగా పగలదో తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పొరలు అడ్డంగా, నిలువుగా అతికి ఉంటాయి. ఒకే చెక్కతో చేసిన ఖరీదైన గిటారే ముందు చీలుతుంది. మా 1,200 దిర్హమ్‌ల గిటార్ పైచెక్క మీద సన్నటి గీత ఒకటి మొదలైంది. రోజూ తీసి వాయించే 150 దిర్హమ్‌లది రాయిలా ఉంది.

కాబట్టి ఏడాదిలో ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోని వాద్యాన్ని 'నా దగ్గర ఉంది' అనిపించుకోవడం కోసం ఉంచుకుంటే దానికీ మేలు లేదు, మనకూ లేదు. సైట్‌లో పని లేని మిక్సర్ ఊరికే నిలబడితే ఫోర్‌మన్ ఊరుకుంటాడా? వాడేవాడి దగ్గరికి పంపిస్తాడు. గిటార్‌కైనా అదే న్యాయం. ఏడింట్లో నాలుగు అమ్మేయాలని మేము తేల్చుకున్నది ఇందుకే.

మరి మిగతావి?

ఇక్కడే ఎక్కువ వాదన జరిగింది. పేరున్నవాళ్ళు గిటార్లు అమ్మడం లేదా అంటే, అమ్ముతున్నారు. ఎరిక్ క్లాప్టన్ 1999లో వంద గిటార్లు న్యూయార్క్ వేలంలో పెట్టాడు. యాభై లక్షల డాలర్ల పైచిలుకు వచ్చింది. ఆంటిగ్వా దీవిలో మత్తు అలవాటు మాన్పించే కేంద్రానికి ఆ డబ్బు ఇచ్చాడు. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ 2019లో 120కి పైగా గిటార్లు అమ్మితే రెండు కోట్ల డాలర్లు దాటింది. ఆ డబ్బు పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు పోయింది. వాళ్ళ గిటార్ల ధర చెక్కది కాదు, ఆ చేతులది. మన గిటార్‌కు ఆ పేరు లేదు. మనం అమ్మితే చెక్క ధరే వస్తుంది. ఇన్నేళ్ళు దాంతో గడిపిన రాత్రులకు ఎవడూ పైసా కట్టడు.

మాకు వీళ్ళకంటే విల్లీ నెల్సన్ ముచ్చట దగ్గరగా అనిపించింది. ఈ అమెరికా గాయకుడు 1.6 కోట్ల డాలర్లకు పైగా పన్ను బాకీ పడితే 1990లో ప్రభుత్వం ఆయన ఆస్తులు జప్తు చేసింది. ఆయన 1969లో కొన్న మార్టిన్ గిటార్ ఒకటుంది, పేరు ట్రిగ్గర్. వాయించి వాయించి పైచెక్కకు బొక్క పడిన గిటార్. మిగతా ఆస్తి పోతే పోయింది కానీ దాన్ని మాత్రం అధికారుల చేతికి చిక్కకుండా కూతురి చేత హవాయికి తెప్పించుకున్నాడు. అప్పులవాడి కళ్ళు కప్పమని మేము చెప్పడం లేదు. ఆయన కూడా 1993లో బాకీ సంగతి తేల్చుకున్నాడు. మేము పట్టుకున్న మాట ఒకటే: పని చేసుకుని మళ్ళీ లేచి నిలబడాలంటే మనిషికి ఒక్క వస్తువైనా అమ్మకానికి పెట్టనిది ఉండాలి.

మన సంగతే చూడండి. గల్ఫ్‌కు వచ్చిన రోజు నుంచి మన దగ్గరున్న ప్రతిదీ డబ్బు లెక్కలోకి మారిపోతుంది. గంటకు ఇంత, ఓవర్‌టైంకు ఇంత, సెలవు రోజు పోతే ఇంత కోత. ఫోన్ చేస్తే ఇంట్లో మొదటి మాట 'ఎప్పుడు పంపుతున్నావ్'. తప్పు వాళ్ళది కాదు, వచ్చిందే దానికోసం. కానీ పదేళ్ళు ఇలాగే గడిస్తే మనిషి తనను తాను కూడా అలాగే చూసుకోవడం మొదలుపెడతాడు. గదిలో పదిమంది చేరి ఎవరికీ సరిగ్గా రాని పాట ఒకటి మూడు తీగల మీద లాగిస్తుంటే, ఆ అరగంట మాత్రం ఎవడి లెక్కలోకీ రాలేదు. ఎండాకాలం చీకటితో లేచి పనికి పోయి, పగటి విరామానికి గదికొచ్చి పడిపోయే రోజుల్లో మా గదివాళ్ళను బీరు సీసా వైపు పోకుండా ఆపింది కొంతవరకు ఇదే. ఇది ఏ జీతం చీటీలోనూ కనబడదు.

ఇంటి వైపు నుంచి కూడా ఆలోచించాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో మొదట పట్టుకున్నది ఇంట్లో ఉన్న తండ్రి మాండలినే. మన పిల్లలు శ్రీనివాస్‌లు అయిపోతారని చెప్పడం లేదు. ఇంట్లో వాద్యం ఉంటే పిల్లవాడి చెయ్యి దాని మీద పడుతుంది, లేకపోతే పడదు. ఏడాదికోసారి ముప్పై రోజులు కనిపించి వెళ్ళిపోయిన నాన్నకు, ఇంటికొచ్చాక పిల్లల పక్కన కూర్చోడానికి ఏదో ఒక వంక కావాలి. మాలో ఒకరు ఈ సంగతి ఇంట్లో కదిపితే ఆమె చెప్పింది కూడా ఇంతే: "ఒకటి తెచ్చుకో. ఏడు తేవొద్దు." ఈ వ్యాసమంతా ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

మేము పెట్టుకున్న పద్ధతి

అమ్మేది అయితే చివరి వారం దాకా ఆగొద్దు. వీసా క్యాన్సిల్ అయిందని, టికెట్ వచ్చిందని తెలిస్తే కొనేవాడు సగానికి అడుగుతాడు. మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. తీగలు కొత్తవి వేసి, తుడిచి చూపించాలి. మెడ నిటారుగా ఉందో లేదో దాచొద్దు. తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ పెట్టెను కలిసే చోట నొక్కి పట్టి మధ్యలో సందు చూస్తే తెలిసిపోతుంది, గోడకు లైన్‌దారం పట్టి చూసినట్టే. వెంట్రుకంత సందు ఉంటే మంచిదే. వేలు దూరేంత ఉంటే ధర తగ్గించి చెప్పాలి.

ఎవరికి అమ్ముతున్నామో చూడాలి. యాభై దిర్హమ్‌లు తక్కువ వచ్చినా నేర్చుకునే కుర్రాడికే ఇవ్వాలి. మేము ఒకటి మా సైట్ స్టోర్‌లో చేసే నేపాలీ తమ్ముడికి వాయిదాల మీద ఇచ్చాం. కొని మళ్ళీ అమ్ముకునేవాడికి ఇస్తే అది ఇంకో గోడ మీద వేలాడుతుంది, అంతే.

మనది కానిది అమ్మకూడదు. మా ఏడింట్లో ఒకటి విశాఖ అబ్బాయిది. 'సెలవుకు పోయి వస్తా, చూస్తుండండి' అని ఇచ్చి వెళ్ళాడు, మళ్ళీ వీసా దొరకలేదు. అడగడానికి అతనికి మొహమాటం, పంపడానికి మాకు బద్ధకం అయితే నాలుగేళ్ళకు అది మాదే అనిపిస్తుంది. అది మాతోపాటు ఇండియాకు వస్తుంది, అతని ఇంటికి చేరుతుంది.

ఉంచుకునేదాన్ని ధర చూసి ఎంచుకోవద్దు. పనినుంచి వచ్చి చెయ్యి కడుక్కోగానే ఏది తీస్తామో అదే మనది. అందుకే మా 1,200 దిర్హమ్‌లది గీత సంగతి చెప్పి అమ్ముతున్నాం, 150ది ఉంచుకుంటున్నాం. గిటార్ బరువు రెండు కిలోలే. గట్టి కేసుతో కలిపితే ఆరేడు కిలోలవుతుంది, కాబట్టి టికెట్ కొనే ముందే విమాన కంపెనీని అడిగి పెట్టుకోవాలి. లగేజీలో వేసేటప్పుడు తీగలు కొంచెం వదులు చేయాలి. రోజ్‌వుడ్ ఉంటే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని క్యాంపుల్లో ఒక మాట తిరుగుతుంటుంది. 2017 జనవరిలో అంతర్జాతీయ ఒప్పందం కింద రోజ్‌వుడ్ జాతులన్నిటికీ పర్మిట్ నిబంధన పెట్టిన మాట నిజం. 2019 నవంబరు నుంచి తయారైన వాద్యాలకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు. మన చౌక గిటార్లలో అది ఉండదు.

ఏడింట్లో నాలుగు అమ్మకానికి, ఒకటి అసలు మనిషికి. మిగిలిన రెండూ మావి. మేము ముగ్గురం. ఆ లెక్క ఇంకా తెగలేదు. పెద్దాయన నాకొద్దంటున్నాడు, మేమిద్దరం ఒప్పుకోవడం లేదు. బంగారం విడిపించిన రసీదు మొన్నే ఇంటినుంచి ఫోన్‌లో వచ్చింది కాబట్టి ఇక ఆయనకు వద్దనే హక్కు లేదని మా వాదన.

అన్నలారా, తమ్ముళ్ళారా! పెట్టె కట్టేటప్పుడు ఇంట్లో అందరి పేర్లూ రాసుకుని సామాన్లు కొంటాం. ఆ జాబితాలో మన పేరు కూడా ఒక చోట రాసుకుందాం. అప్పు తీరినవాడు ఒక్కటి ఉంచుకుంటే ఇంటికి ద్రోహం చేసినట్టు కాదు.