గుడారానికి ఊరే మేలు

మోటారు సైకిలు మీదనో కారులోనో ఒంటరిగా బయలుదేరి, వెంట తెచ్చుకున్న గుడారంలో రాత్రి గడిపి, తెల్లవారగానే ముందుకు సాగే ప్రయాణికులు ఈ మధ్య మన తీరంలోనూ కనిపిస్తున్నారు. వీరిలో ఆడవారూ ఉంటున్నారు.

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు కొండ, అడవితో పాటు కడలి కూడా దక్కింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. చలికాలంలో ఆ నీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి మేస్తుంటాయి. దొరవారిసత్రం మండలం నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతాయి. వీటిని చూడవచ్చే వారిని రావద్దనడం న్యాయం కాదు. అయితే వారు రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది తేల్చవలసి ఉంది.

సరస్సు ఒడ్డున మాత్రం కూడదు. మన కంటికి ఖాళీగా కనిపించే ఆ బురదనేలే పక్షులకు అన్నం పళ్లెం. రాత్రి పూట దీపాలు, పాటలు, వంట మంటలు వాటిని బెదరగొడతాయి. గూటిలోని తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి. నేలపట్టు, పులికాట్ రెండూ 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చోట్లకు బయటివారు అనుమతి లేనిదే వెళ్లరాదు, నిప్పు పెట్టరాదు. ఇక శ్రీహరికోట దీవిలో దట్టమైన అడవి ఉన్నమాట నిజమే గాని, అది రాకెట్ కేంద్రం ఆవరణ. అక్కడ విడిది మాటే లేదు.

మరొక ప్రమాదమూ ఉంది. పక్షులు వచ్చే కాలమూ, తుపానులు వచ్చే కాలమూ ఒకటే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను వందల ప్రాణాలు తీసింది. గాలి మళ్లిన సంగతి మన జాలరులకు తెలుస్తుంది. గుడారంలో ఒంటరిగా నిద్రపోయే పరాయి ఊరివాడికి ఎవరు చెప్పాలి?

అందుకే గుడారం ఊళ్లో వేయించడం మేలు. పంచాయతీ ఆవరణలోనో, ఊరి తోపులోనో కాస్త జాగా చూపించాలి. తాగునీరు, మరుగుదొడ్డి ఉండాలి. పేరు, చిరునామా, బండి నంబరు పుస్తకంలో రాయించుకుని కొద్దిపాటి రుసుము తీసుకోవాలి. పొదుపు సంఘం మహిళలు భోజనం పెడితే వారికీ నాలుగు డబ్బులు మిగులుతాయి. సారాయి, మైకు, బహిరంగ మంట వద్దని ముందే చెప్పాలి. చెత్త ఎవరిది వారే తీసుకుపోవాలి.

ముక్కూ మొహం తెలియని వాణ్ణి ఊళ్లోకి ఎలా రానిస్తామని కొందరు అడగవచ్చు. చీకట్లో చెరువు గట్టున ఎవరున్నారో తెలియకపోవడం కంటే, ఫలానా మనిషి ఫలానా చోట ఉన్నాడని ఊరందరికీ తెలియడం మంచిది కాదా? ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకు కూడా నాలుగిళ్ల నడుమ చోటే క్షేమం.

సూళ్లూరుపేటలో ప్రభుత్వం జరిపే ఫ్లెమింగో ఫెస్టివల్ రెండు మూడు రోజుల ముచ్చట. పక్షులు ఉండేది నెలల తరబడి. ఆ నెలలన్నీ ఊళ్లకు ఎంతో కొంత ఆదాయం రావాలంటే ఇలాంటి ఏర్పాటు అవసరం. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని నేలపట్టు రైతులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పక్షి వల్ల లాభం ఎరిగిన ఊరు పక్షిని కాపాడుకుంటుంది.

ఈ విషయమై అటవీశాఖ అధికారులు సరస్సు చుట్టుపక్కల సర్పంచులతో కూర్చుని మాట్లాడాలి. ఎక్కడ దిగవచ్చునో, ఎక్కడ దిగరాదో తెలిపే బోర్డులు రోడ్డు పక్కన పెట్టించాలి. వచ్చే చలికాలానికి ఒక్క ఊరైనా ముందుకు వస్తే, మిగిలిన ఊళ్లు చూసి నేర్చుకుంటాయి.