ల్యాప్‌టాప్ ఫ్యాన్ తిరగకపోతే నాకెందుకట!

మిక్సీ ఆగిపోతే ఇంట్లో అందరూ నన్నే పిలుస్తారు. కింద ఎర్ర బటన్ నొక్కి చూసేది నేనే. కుక్కర్ విజిల్ రాకపోతే గాస్కెట్ తీసి చూసేదీ, స్టవ్ మంట ఎర్రగా వస్తే బర్నర్ కడిగి పిన్నీసుతో కన్నాలు పొడిచేదీ నేనే. ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "నువ్వు ముట్టుకోకు, నీకు తెలీదు" అంటారు. ఏం, అది మడి కట్టుకుందా?

పోయిన నెల మా అమ్మాయి ల్యాప్‌టాప్ పది నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం, దానంతటదే ఆరిపోవడం మొదలైంది. ఫ్యాన్ చప్పుడే లేదు. పిల్ల ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టంతా అందులోనే ఉంది. మా ఆయన షాపుకి తీసుకెళ్తే, వెనక మూత కూడా తియ్యకుండానే "మదర్‌బోర్డు పోయుంటుంది, 8 వేలవుతుంది. దానికన్నా కొత్తది కొనుక్కోండి సార్" అన్నాడట. కొత్తదంటే 45 వేలు. పిల్ల ఫీజుకని దాచిన డబ్బు తియ్యాలి. నాకు ఒళ్ళు మండింది. నాడి పట్టుకోకుండా మందు రాసే డాక్టర్‌ని ఒప్పుకుంటామా?

అసలు ఫ్యాన్ తిరగనంత మాత్రాన పాడైనట్టు కాదండీ. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపల చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాన్ కావాలనే ఆగి ఉంటుంది, మన ఫ్రిజ్ మోటారులాగే. ఏదైనా బరువైన పని పెట్టి కాసేపు నడిపించి, గాలి బయటికొచ్చే జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఒళ్ళు కాలుతున్నా గాలి రావట్లేదంటే అప్పుడు అనుమానించాలి. మరీ వేడెక్కితే ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, ఇంకా తగ్గకపోతే కాలిపోకుండా తనను తానే ఆపేసుకుంటుంది. అంటే మాది ఆరిపోవడం జబ్బు కాదు, జాగ్రత్త!

ఆదివారం మధ్యాహ్నం నేనూ అమ్మాయీ కూర్చున్నాం. ముందు ప్రాజెక్టంతా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. తర్వాత ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ పీకి, వెనక స్క్రూలు విప్పాం. పళ్ళెంలో కాగితం వేసి దాని మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టాను, ముగ్గు చుక్కల్లా. పొడుగూ పొట్టీ తారుమారైతే లోపల గుచ్చుకుంటాయి. మూత తియ్యగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాం. (బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకండి. నేరుగా షాపుకే.)

ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము పాత దిండులో దూదిలా గడ్డకట్టింది. ఇరుసుకి చుట్టుకుని మా పిల్ల పొడుగాటి వెంట్రుక! పరుపు మీద, దుప్పటి మీద పెట్టుకుని వాడకే అని ఎన్నిసార్లు చెప్పానో. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దులిపి, పట్టకారుతో వెంట్రుక లాగాం. ఫ్యాన్ వైరు ఊడలేదు, సరిగ్గానే ఉంది. అన్నీ బిగించి వేస్తే కాస్త వణికింది, తిరగలేదు. ఎన్నాళ్ళు ఈడ్చిందో పాపం, మోటారు అయిపోయింది. దాని మీదున్న నంబరు చూసి కొత్త ఫ్యాన్ తెప్పించాం. 750 రూపాయలు. మాది విడిగా ఊడొచ్చే ఫ్యాన్ కాబట్టి సరిపోయింది. కొన్నింట్లో రాగి గొట్టంతో కలిసి ఉంటుంది, తీస్తే ప్రాసెసర్ మీద పేస్టు కూడా మార్చాలి. అదైతే నేనూ చేతులెత్తేసేదాన్నే.

షాపుకి వెళ్ళొద్దని నేననడం లేదు. ఏం పోయిందో తెలుసుకుని వెళ్ళమంటున్నాను. "ఫ్యాన్ మార్చడానికి ఎంత?" అని అడిగేవాళ్ళకి మదర్‌బోర్డు కథ చెప్పడం అంత తేలిక కాదు.

నన్ను బాధపెట్టింది ఇంకోటుంది. కంప్యూటర్ చదువే చదువుతున్న పిల్ల, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని "అమ్మా, మనం విప్పొచ్చా?" అనడిగింది. చిన్నప్పట్నుంచీ ఏది పాడైనా "నాన్నకివ్వు" అన్నది నేనే. ఎవర్నననూ?

నిన్న మా ఆయన టేబుల్ ఫ్యాన్ తెచ్చి నా ముందు పెట్టారు, చప్పుడు చేస్తోందట. ఈసారి విప్పడం మీ వంతు, పళ్ళెం నేను పట్టుకుంటానన్నాను.