ఊరెళ్లే ముందు కెమెరా ఒక్కటి కొంటే సరిపోదు

సంక్రాంతి దగ్గరపడితే చాలు, నాకు మెసేజ్‌లలో ఒకటే ప్రశ్న. "అన్నా, వారం రోజులు ఊరెళ్తున్నాం, ఏ వైఫై కెమెరా తీసుకోమంటారు?" ఇప్పుడు రెండు మూడు వేలలో దొరికే కెమెరాలు బాగానే పనిచేస్తున్నాయి. 360 డిగ్రీలు తిరుగుతాయి, చీకట్లోనూ చూస్తాయి, మనిషి కదిలితే ఫోన్‌కి అలర్ట్ పంపిస్తాయి. అయినా మోడల్ పేరు చెప్పే ముందు నేను అడిగేది ఒక్కటే. అలర్ట్ వచ్చాక మీరేం చేస్తారు?

ఇల్లు కూకట్‌పల్లిలో, మీరు రాజమండ్రిలో. మధ్యలో దాదాపు 400 కిలోమీటర్లు. అర్ధరాత్రి 2 గంటలకి ఫోన్ మోగితే, కెమెరా దొంగని చూపిస్తుంది కానీ ఆపదు. ఆ టైమ్‌లో మీ గుమ్మం దాకా వెళ్లగలిగే మనిషి ఒకరు లేకపోతే, మీరు డబ్బులిచ్చి కొనుక్కున్నది టెన్షన్ మాత్రమే.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఆలోచన నాకు అందుకే నచ్చింది. ఊరెళ్తున్నామని యాప్‌లో చెబితే పోలీసులే వచ్చి ఉచితంగా కెమెరా పెడతారు. అలర్ట్ వాళ్ల కంట్రోల్ రూమ్‌కి వెళ్తుంది. అంటే వెళ్లగలిగే వాళ్లకే సమాచారం చేరుతుంది. మీ ఏరియాలో ఇప్పుడు ఆ సేవ ఉందో లేదో స్టేషన్‌లో అడగండి. తెలంగాణలో కూడా పండక్కి ఊరెళ్లే వాళ్లు లోకల్ స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పోలీసులు ఏటా చెబుతూనే ఉంటారు. చెప్పడానికి పది నిమిషాలు పట్టదు.

సొంత కెమెరా ఉంటే అదే పద్ధతి మీరూ పాటించండి. చాలా యాప్‌లలో షేరింగ్ ఆప్షన్ ఉంటుంది. ఊళ్లోనే ఉండే తమ్ముడికో, నమ్మకమైన పక్కింటి వాళ్లకో యాక్సెస్ ఇవ్వండి. ఇంకో తాళం చెవి కూడా వాళ్ల దగ్గరే ఉంచండి. కెమెరాతో వచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. లేకపోతే మీ హాలు ఇంకెవరైనా చూసే ప్రమాదం ఉంది.

ఇక కరెంటు సంగతి. కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, దాంతోపాటే కెమెరా కూడా గుడ్డిదైపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే డిస్టిల్డ్ వాటర్ చూసుకుని, కెమెరా, రౌటర్ రెండూ ఆ లైన్‌లోనే పెట్టండి. ఫైబర్ బాక్స్ విడిగా ఉంటే దాన్నీ మర్చిపోవద్దు. ఇన్వర్టర్ లేని వాళ్లు రౌటర్ కోసం అమ్మే మినీ యూపీఎస్ తీసుకోండి. కెమెరాకి పనికొచ్చే 5 వోల్టుల యూఎస్‌బీ అవుట్‌పుట్ కూడా ఉన్నది చూడండి. నన్నడిగితే 2కే కెమెరా బదులు మామూలు 1080పీ కెమెరా తీసుకుని, మిగిలిన డబ్బు దీని మీద పెట్టడం మేలు. మెమరీ కార్డు కూడా తప్పనిసరి. 1 ఎంబీపీఎస్ వేగంతో ఆపకుండా రికార్డు చేస్తే రోజుకి దాదాపు 11 జీబీ అవుతుంది. వారం రోజుల ట్రిప్‌కి 128 జీబీ సరిపోతుంది.

పాత ఫోన్‌ని కెమెరాగా పెట్టేయమనే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఓకే. కానీ ఏళ్లు వాడిన బ్యాటరీని, ఎవరూ లేని ఇంట్లో వారం పాటు ఛార్జింగ్‌లో వదిలేయడం నేను ఒప్పుకోను. పవర్ బ్యాంకులు, ఛార్జర్లు అన్నీ ప్లగ్ నుంచి తీసేయండి. గీజర్, ఏసీ, మోటార్‌లకి స్మార్ట్ ప్లగ్ కన్నా ఎంసీబీ దించేయడమే భరోసా. గ్యాస్ రెగ్యులేటర్ కూడా ఆఫ్ చేయండి. మెయిన్ మాత్రం కట్టేయొద్దు, కెమెరా ఆగిపోతుంది.

స్మార్ట్ బల్బుకి సాయంత్రం 6:30 నుంచి 10 దాకా షెడ్యూల్ పెట్టడం మంచిదే. కానీ గుమ్మం ముందు పాల ప్యాకెట్లు, పేపర్లు పేరుకుపోతే ఆ బల్బు వెలిగినా దండగే. పైగా ఇది ముగ్గుల నెల. వీధంతా ముగ్గులుండి మీ వాకిలి ఒక్కటే బోసిగా కనిపిస్తే, ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. పక్కింటి పిన్నిగారినో, వాచ్‌మన్ భార్యనో రోజూ నాలుగు గీతలు వేయమని అడగండి. ఆ పని చేసే యాప్ ఇంకా రాలేదు. అలాగే ట్రిప్ ఫొటోలు తిరిగొచ్చాక స్టేటస్‌లో పెట్టుకోండి.

కొత్త కెమెరా కొంటే కనీసం వారం ముందే కొనండి. ఒకరోజు ఆఫీసులో కూర్చుని, మొబైల్ డేటాలో లైవ్ వస్తోందో లేదో చూడండి. ఇంట్లో వాళ్లని కెమెరా ముందు నడవమని, అలర్ట్ ఎన్ని సెకన్లకి వచ్చిందో చూసుకోండి. ఆ అలర్ట్ అందుకున్న మీ తమ్ముడు ఫోన్ ఎత్తితేనే మీ సెటప్ పూర్తయినట్టు.