కేజీఎఫ్‌లో నీళ్ళ సీను ఏదీ?

కేజీఎఫ్ అనగానే మనవాళ్ళకి యష్ గుర్తొస్తాడు. కాస్త చదువుకున్నవాళ్ళైతే 1902లో శివనసముద్రం నుంచి కోలారు గనులకి కరెంటొచ్చిన సంగతి ఎత్తుతారు, అక్కడికేదో జాన్ టేలర్ కంపెనీ మనకి దీపం పెట్టిపోయినట్టు. నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయని ఒక్కరూ అడగరు.

బంగారం రాయిలోంచి ఊకే రాలదు. రాయిని పిండి కొట్టి, నీళ్ళు కలిపి, సైనైడ్ పోస్తే దిగుతుంది. ఆ నీళ్ళు బేతమంగళ దగ్గర పాలారు చెరువువి. ఒక్క జీవనదైనా లేని కరువు జిల్లా అది! కింద కుప్పం వైపు, ఆపైన తమిళనాడుకి పోవాల్సిన ఏరు అది.

మా లింగంపేటలో నాగన్నగారి దిగుడుబావి ఉంది. మెట్లు దిగితే నీళ్ళెంతున్నాయో కంటికి కనబడతాయి. పైపుకి ఆ బాధ లేదు, ఎవరి వాటానో చెప్పదు. (నిజాంసాగర్‌కి రావాల్సిన మంజీరని పైన సింగూరులోనే ఎత్తి హైదరాబాదుకి తెస్తే, ఆ నీళ్ళు తాగుతూనే ఇది రాస్తున్నా.)

2001లో గనులు మూశారు. సైనైడ్ దిబ్బలు మిగిలాయి. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువుల్లోకి వదులుతున్నారు. మన వ్యాసాలు మాత్రం ఇంకా 1902 బల్బు కిందే కూర్చున్నాయి.