నలభై అయిదేళ్ళ గీత

మార్చి ఎనిమిదిన పుల్లలచెరువులో ఒక సభకి పిలిచారు. శాస్త్రవేత్త అయిన స్త్రీ గురించి మాట్లాడమంటే విజయలక్ష్మి రవీంద్రనాథ్‌ని ఎంచుకున్నాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, 1981లో మైసూరు విశ్వవిద్యాలయంలో పిహెచ్‌డి పూర్తిచేసి, జీవితమంతా మెదడుని చదివిన మనిషి. 1996లో భట్నాగర్ బహుమతి, 2010లో పద్మశ్రీ, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధనా కేంద్రానికి తొలి డైరెక్టరు. ఇంకా ఆమె పని దగ్గరికి రానేలేదు, వేదిక మీది పెద్దమనిషి మైకందుకుని "చూశారా అమ్మా, ఇల్లూ ఉద్యోగమూ సమన్వయం చేసుకోబట్టే అంత పైకొచ్చింది, పట్టుదలుండాలి" అనేశాడు. ఆమె ఇంటి గురించి నేనొక్క ముక్కా చెప్పలేదు!

మన ఆడవాళ్ళ బిరుదులన్నిటికీ ఈ గతే. మగవాడి పద్మశ్రీ అతని పనికి, మనది మన సర్దుబాటుకి. ముందు వరసలో కూర్చున్న ఇంటర్ పిల్లలకి అది బహుమతిలా కాదు, మందలింపులా వినబడుతుంది. పై చదువుకి బయటి ఊరు పంపాలా, పెళ్ళి చేయాలా అని ఇంట్లో లెక్కలు వేస్తుంటే ఆ పిల్ల పట్టుదల ఎవరిక్కావాలి?

భట్నాగర్ బహుమతికి నలభై అయిదేళ్ళ వయోపరిమితి ఉంది. కాన్పులూ, పాలివ్వడాలూ, అత్తమామల మంచాన సేవలూ అన్నీ ఆ గీతకి ఇవతలే పడతాయి. ఆ గీత గీసినవాళ్ళు ఎవరి జీవితాన్ని కొలతగా పెట్టుకున్నారు? ఆమె దాన్ని దాటకముందే అందుకుంది కదా అంటారు. అందుకోలేకపోయినవాళ్ళని ఏ సభకీ పిలవరు, అదీ సంగతి.

ఆ రోజు చెప్పనివ్వనిది ఇక్కడ చెబుతాను. పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెచ్చే ఒక విషాన్ని ఆడ ఎలుకల మెదడు మగవాటికంటే బాగా తట్టుకుంటుందనీ, వాటిలో గ్లూటారెడాక్సిన్ అనే ప్రోటీన్ ఎక్కువుండడం అందుకు కారణమనీ, దాని వెనక ఈస్ట్రోజెన్ ఉందనీ 2004లో ఆమె బృందం చూపింది. నెలసరి మార్పులు లెక్కల్ని పాడుచేస్తాయని ఆడ జంతువుల్ని ప్రయోగాలకి దూరంగా పెట్టిన శాస్త్రం ఇది! ఏ హార్మోన్ని అడ్డన్నారో అందులోనే జవాబు దొరికింది.

తర్వాత ఆమె బెంగళూరులో స్థాపించిన మెదడు పరిశోధనా కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో పదివేలమందిని ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం మొదలుపెట్టింది. చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడే ప్రాంతమది. అందులో చేర్చుకునేది నలభై అయిదేళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళని. బహుమతి తలుపు మూసేసే వయసు దగ్గర ఆమె పని తలుపు తెరిచింది.

ఆ పెద్దమనిషి శాలువా నాకూ కప్పాడు. ఇంట్లో వంటెవరు చేస్తున్నారని అడిగాడు కూడా.