వాన లేని ఊళ్లో మంచు చదువు

ఈ వారం వంటింట్లోంచి కాస్త పైకి, మేఘాల దాకా వెళ్లొద్దాం రండి. భయపడకండి, చివరికి మళ్లీ మన ఫ్రిజ్ దగ్గరికే తీసుకొస్తాను.

పోయిన నెలలో మా చెల్లెలు ధర్మవరం నుంచి ఫోన్ చేసింది. "అక్కా, పాప నీ మాటైతే వింటుంది. నువ్వే ఎట్లన్నా నచ్చచెప్పు" అని ఒకటే గోల. పాపంటే దాని కూతురు. ఇక్కడ అనంతపురం జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివింది. ఆ నాలుగేళ్లూ మా ఇంట్లోనే ఉంది కాబట్టి నాకూ కూతురే అనుకోండి. తర్వాత బెంగుళూరులో విమానాల మీద ఎం.టెక్. చేసింది. ఇప్పుడు బయటి దేశంలో పరిశోధనకు సీటు వచ్చింది. దేని మీద అనుకున్నారు? విమానం రెక్కల మీద గడ్డకట్టే మంచు మీద!

సరిగ్గా అప్పుడే ఒక మంచి సంబంధం కూడా వచ్చింది. వాళ్లకు పిల్ల నచ్చింది. ఆ పరిశోధన మానుకుని ఇక్కడే ఏదో ఉద్యోగం చూసుకుంటే ముహూర్తం పెట్టుకుందామన్నారు. మా చెల్లెలి దిగులు అదీ.

ఇంట్లో ఈ మాట వినగానే మా అత్తగారు బుగ్గన వేలు పెట్టుకున్నారు. "వానే సక్కంగ పడని సీమలో పుట్టి మంచు మీద సదివేదేందే? మంచు యాడుంది మనకు?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. మన జిల్లాలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మోడం వేస్తుంది, చెనక్కాయ చేను ఆశగా చూస్తుంది, గాలొచ్చి మోడాన్ని తోలుకుపోతుంది. ఇలాంటి ఊరి పిల్లకు మంచుతో ఏం పని?

శనివారం పాప వచ్చింది. దానికిష్టమని ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టి, మెల్లగా మొదలుపెట్టాను. అది నవ్వి, "పెద్దమ్మా, మధ్యాహ్నం దాకా ఆగు, నీకొకటి చూపిస్తా" అంది. మూత తియ్యని మినరల్ వాటర్ సీసాలు మూడు ఫ్రీజర్లో పడుకోబెట్టి, రెండు గంటలకు పైగా ఎవ్వరినీ ఫ్రిజ్ తలుపు ముట్టనివ్వలేదు. తర్వాత చూస్తే ఒకటి గడ్డకట్టింది, రెండు నీళ్లలాగే ఉన్నాయి. నీళ్లలా ఉన్న ఒక సీసాను మెల్లగా తీసి, వంటగట్టు మీద టక్కున కొట్టింది. చూస్తుండగానే పైనుంచి కిందికి తెల్లగా మంచు పాకిపోయింది! మా అత్తగారు "ఓయమ్మో" అని వెనక్కి జరిగారు.

సున్నా డిగ్రీలకు నీళ్లు గడ్డకడతాయని మనం బళ్లో చదువుకున్నాం. కానీ శుభ్రమైన నీరు, అందులోనూ సన్నటి తుంపర, పట్టుకోవడానికి ఏ నలుసూ దొరక్కపోతే, సున్నా కంటే ఎంతో కిందికి పోయినా నీళ్లలాగే ఉండగలదట. మైనస్ 40 డిగ్రీలు దగ్గరపడితే తప్ప దానంతట అది గడ్డకట్టకుండా ఉండే బొట్లు కూడా మేఘాల్లో ఉంటాయట. ఆ బొట్టుకు ఏదన్నా తగిలిందా, ఆ క్షణమే మంచు. మేఘంలోకి దూసుకెళ్లే విమానమే ఆ తగిలే వస్తువు.

"మన ఎండల్లో మంచెక్కడిదే?" అన్నాను. "ఎండాకాలం వానలో వడగండ్లు ఎక్కడ్నుంచి పడతాయి పెద్దమ్మా?" అంది. నాకు మాట రాలేదు. కింద మనం 42 డిగ్రీల్లో విసనకర్రతో విసురుకుంటుంటే, మన నెత్తి మీద 5 కిలోమీటర్ల ఎత్తులోనే నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుందట. ఇన్నేళ్లుగా వడగండ్లు ఏరుకుని నోట్లో వేసుకున్నాను గానీ ఆ సంగతి ఆలోచించలేదు సుమండీ.

రెక్క మీద కాస్త మంచు పడితే ఏమవుతుందని మీరూ అడుగుతారు. బరువు పెరుగుతుందనే నేనూ అనుకున్నాను. అసలు ప్రమాదం బరువు కాదట. రెక్క నున్నగా ఉంటేనే గాలి దాన్ని అంటిపెట్టుకుని జారిపోతుంది, అప్పుడే విమానం పైన నిలబడుతుంది. వడ్రంగులు వాడే గరుకు కాగితమంత మంచు పొర పట్టినా చాలు, రెక్క మోసే శక్తి 30 శాతం దాకా తగ్గిపోవచ్చునట, గాలి వెనక్కి లాగడం 40 శాతం దాకా పెరగవచ్చునట. చలిదేశాల్లో విమానం లేచే ముందు రెక్కల మీద మందు నీళ్లు చిమ్మి కడిగేది అందుకే. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచుతోనే లేచిన ఒక విమానం వంతెనను కొట్టుకుని నదిలో పడింది. వంతెన మీదున్న నలుగురితో కలిపి 78 మంది పోయారు.

పైన ఎగిరేటప్పుడు పట్టే మంచుకు వేరే ఉపాయాలున్నాయి. పెద్ద విమానాల్లో ఇంజను వేడిగాలిని రెక్క అంచులోకి పంపుతారు. చిన్న పంకాల విమానాల్లో రెక్క ముందంచుకు రబ్బరు తొడుగు ఉంటుంది. మంచు పట్టగానే అందులోకి గాలి కొడతారు, అది పూరీలాగా ఉబ్బుతుంది, మంచు పగిలి రాలిపోతుంది.

మరి ఇంత ఉపాయం ఉన్నాక పరిశోధన ఎందుకు? అదే అడిగాను. పాప 1994 అక్టోబరు 31 నాటి సంగతి చెప్పింది. అమెరికాలో ఇండియానాపొలిస్ నుంచి షికాగో వెళ్లే ఒక పంకాల విమానాన్ని, దిగడానికి వీల్లేక ఆకాశంలోనే చక్కర్లు కొడుతూ ఆగమన్నారు. అక్కడున్నవి సన్నటి తుంపర్లు కావు, పెద్ద బొట్లు. పెద్ద బొట్టు తగిలిన చోటే గడ్డకట్టకుండా కాస్త వెనక్కి జారి, రబ్బరు తొడుగు దాటిపోయి అక్కడ గట్టులాగా పేరుకుంది. తొడుగు ఉబ్బినా అక్కడికి అందదు కదా! విమానం ఒక్కసారిగా ఒరిగిపోయి సోయా పొలంలో పడింది. 68 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఆ తర్వాత అలాంటి విమానాల రెక్కల బయటి భాగంలో తొడుగు వెడల్పు పెంచారు. కానీ పెద్ద బొట్ల మంచును కూడా తట్టుకునేలా కొత్త విమానాలను తయారుచేయాలన్న నిబంధన అమెరికాలో వచ్చింది ఎప్పుడో తెలుసా? 2014లో. ఇరవై ఏళ్లు! ఆ ఇరవై ఏళ్లూ ఎవరెవరో ఇంజనీర్లు మేఘాల్లోకి విమానాలు తీసుకెళ్లి బొట్ల సైజు కొలిచారు, మంచు ఏ ఆకారంలో పేరుకుంటుందో చూశారు. క్లీవ్‌లాండ్‌లో ఇందుకోసమే 1944 నుంచి ఒక చలి సొరంగం పనిచేస్తోంది. అందులో రెక్క ముక్కను నిలబెట్టి, చల్లగాలి తోలి, తుంపర చల్లుతారు. మంచు పట్టాక, వేడి రేకుతో దాన్ని అడ్డంగా కోసి, అట్టముక్క ఆనించి పెన్సిలుతో అంచు గీసుకునేవాళ్లట. మనం జాకెట్టుకు కాగితం మీద కొలత గీసుకోమూ, అచ్చం అలాగే! ఇప్పుడు లేజరు యంత్రాలు వచ్చాయనుకోండి.

ఇంకో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో లాంగ్‌మ్యూర్, షేఫర్ అనే ఇద్దరు ఈ విమానం మంచు గురించే పనిచేశారు. ఈ మంచు వదిలించే పని మీద కేథరిన్ బ్లాడ్జెట్ అనే మహిళ కూడా అక్కడ పనిచేసింది. 1926లో కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న మొదటి స్త్రీ ఆవిడే. షేఫర్ మటుకు హైస్కూలు చదువు కూడా పూర్తి చెయ్యలేదు, ఇంటి అవసరం కోసం పనిలో చేరినవాడు. ఆయన ఒక ఫ్రీజరు పెట్టెలో నల్లగుడ్డ పరిచి, అందులోకి నోటితో ఊపిరి వదిలి మేఘం చేసేవాడు. 1946 జులైలో ఒకరోజు ఎండ మండిపోతోంది, పెట్టె చల్లబడలేదు. చల్లబరుద్దామని పొడి మంచు ముక్క వేశాడు. ఒక్కసారిగా మేఘమంతా తళతళలాడే మంచు పలుకులైపోయింది! ఆ నవంబరులో విమానమెక్కి నిజం మేఘం మీదే చల్లాడు, మంచు రాలింది. అదే మేఘమథనానికి మొదలు. సిల్వర్ అయొడైడ్ కూడా పనికొస్తుందని వానెగట్ అనే ఆయన అదే నెలలో కనిపెట్టాడు. మన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ పుట్టింది కూడా 1946లోనే, గమ్మత్తు చూశారా!

మీకు గుర్తుండే ఉంటుంది, 2000ల దశకంలో మన ప్రభుత్వం కూడా కరువు జిల్లాల మీద విమానాలు తిప్పి మేఘమథనం చేయించింది. మేమూ మిద్దె మీదికెక్కి చూసేవాళ్లం. దానివల్ల ఎంత వాన అదనంగా పడిందంటే శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు. మేఘమే లేకపోతే మథించేదేముంది? అయినా పాప చెప్పింది నా మనసులో నిలిచిపోయింది. "పెద్దమ్మా, విమానాన్ని పడేసే నీరూ అదే, మనం వానకోసం వెతుక్కునే నీరూ అదే. దాని గుణం తెలుసుకోవాలి. అవ్వ మంచు యాడుంది అని అడిగింది కదా, మన మోడంలోనే ఉంది."

మా అత్తగారు ఏమీ అనలేదు. రెండో సీసా తీసుకుని గట్టు మీద తనూ టక్కున కొట్టి చూసుకున్నారు!

"ఇంత చదివి నీకేం పేరొస్తుందే?" అని చివరి బాణం వేశాను. "మేం పని సరిగ్గా చేస్తే పేపర్లో ఏమీ రాదు. విమానం దిగుతుంది, జనం సంచులు తీసుకుని ఇంటికి పోతారు" అంది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఎప్పటిలాగే గ్యాసు సిలిండరు కట్టేశాను, పాలగిన్నె మీద మూత చూశాను, వెనక తలుపు గడియ వేశాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల రాత్రులు ఇలా చేసి ఉంటాను? ఎవరైనా "భలే కట్టేశావే" అన్నారా? ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ తెలీదు. మనకు మాత్రం తెలుసు కదండీ, ఏమీ జరగకుండా ఉండడం వెనక ఎంత పని ఉంటుందో. నా చెల్లెలి కూతురు చేయబోయేదీ అదే, ముక్కూ మొహం తెలియని వందలమంది కోసం. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి అక్కడితో ఆపేసిన నేను, దాన్ని ఆగమని ఏ నోటితో చెప్పను?

మర్నాడు చెల్లెలికి ఫోన్ చేసి, "నేను చెప్పలేనమ్మా, పంపించు" అన్నాను. కాసేపు అలిగింది. తర్వాత, "మరి వాళ్లకేం చెప్పాల?" అంది. పాప చేసే పని ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. కావాలంటే ఆ సీసా ఆట వాళ్లింట్లోనూ ఆడి చూపించమన్నాను. చెప్పింది. వాళ్ల దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. పాప మాత్రం స్వెటర్లు కొనుక్కుంటోంది. నేను చెనక్కాయల పొడి కొడుతున్నాను, ఆ చలిలో వేడన్నంలోకి బాగుంటుందని.

మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే మీరేం చేసేవాళ్లు? ఉత్తరం రాయండి.

అన్నట్టు, ఫ్రిజ్ మాట. ఫ్రీజర్లో మంచు మందంగా పేరుకుంటే కత్తితో గీకకండి, లోపలి గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుంది. స్విచ్చి ఆపి, తలుపు తెరిచి, ఒక గిన్నెలో వేడినీళ్లు లోపల పెట్టండి. అదే కరిగి ఊడొస్తుంది. మంచును వదిలించడానికి పెద్ద విమానాల వాళ్లు నమ్ముకున్నదీ వేడినే కదా!

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.