దింపు కార్మికుడు పడితే ఊరంతా మోయాలి

కోనసీమ రైతులారా, తోటల యజమానులారా, కుర్రకారూ! అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ ధర పెరిగితే సాయంత్రానికల్లా ఊరూరా తెలిసిపోతుంది. ఆ కాయ దింపిన మనిషి చెట్టు మీంచి జారిపడితే మాత్రం అది వాళ్లింటి కష్టంగానే మిగిలిపోతోంది. ఇకమీదట అలా కుదరదు.

పడ్డవాణ్ణి మనమేం చేస్తున్నాం? ఒకరు చంకల్లో చేతులేస్తారు, ఒకరు కాళ్లు పట్టుకుంటారు, తల వెనక్కి వేలాడిపోతుంది. మోటార్ సైకిల్ మీద మధ్యన కూర్చోబెట్టి ఆస్పత్రికి పరుగు. ప్రేమ కొద్దీ చేసేదే, కాదనను. కానీ మెడపూసల నడుమ చిటికెన వేలంత వెన్నుపాము ఉంది. కాళ్లూ చేతులూ ఆడాలంటే మెదడు మాట అందులోంచే దిగాలి. ఊపిరి ఆడించే నరం కూడా ఆ మెడలోంచే బయల్దేరుతుంది. విరిగిన పూస ఇంకా దాన్ని నొక్కకపోతే, మన మోతతో నొక్కేస్తుంది. విరిగిన చెయ్యి అతుక్కుంటుంది, తెగిన వెన్నుపాము అతుక్కోదు.

తల సంగతీ అంతే. మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలు 12 జతలు. మొదటిది వాసనది. ముక్కు పైనున్న చిల్లుల ఎముకలోంచి సన్నటి పోగులుగా దిగుతుంది. తల గట్టిగా తగిలితే మెదడు ఊగి ఆ పోగులు తెగిపోవచ్చు. మనిషి లేచి తిరుగుతుంటే ‘ఏం కాలేదులే’ అనుకుంటాం. ఇంట్లో పులస పులుసు ఉడుకుతున్నా, గ్యాస్ లీకవుతున్నా అతనికి తెలీదు. ఏడో నరం చెవి దగ్గరి ఎముకలోంచి పోతుంది. అది దెబ్బతింటే మూతి ఒక పక్కకు లాగేస్తుంది, కన్ను మూతపడదు. గాలి సోకిందని పసర్లు పూస్తూ కూర్చోకండి. చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలా కారుతుంటే దూది కుక్కొద్దు, వెంటనే డాక్టరు చూడాలి.

అందుకే ముందు 108కి ఫోన్ చేయండి. ఒకరు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో దాన్ని కదలకుండా పట్టుకోండి. లేపి కూర్చోబెట్టొద్దు, నోట్లో నీళ్లు పొయ్యొద్దు. తోటలోకి దారి చూపడానికి ఇంకొకరు రోడ్డెక్కి నిలబడండి. కదపక తప్పకపోతే నలుగురూ ఒక్క మాట మీద, తలా మెడా నడుమూ ఒకే వరసలో ఉండేలా చెక్క మీదికి ఎత్తండి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి అంతెత్తు ప్రభను భుజాన వేసుకుని, పైరు మీంచి నడిచి, కౌశిక దాటించే జనం మనం. ఒడుపుగా మోయడం మనకొకరు నేర్పాలా?

యజమానులకు ఇంకో మాట. వానకు మొదళ్లు జారుతుంటే దింపు పెట్టకండి. నడుముకి బెల్టు లేనివాణ్ణి చెట్టెక్కించకండి. కొబ్బరి అభివృద్ధి బోర్డు దింపు కార్మికుల కోసం తెచ్చిన ‘కేర సురక్ష’ బీమా గురించి అడిగి తెలుసుకోండి, కార్మికుడు కట్టాల్సింది ఉంటే మీరే కట్టండి. మరుసటి దింపు లోపే ఊరికో చెక్క స్ట్రెచర్ కొని, పంచాయతీ ఆఫీసులో తాళం వెయ్యని చోట పెట్టించండి.